క్రిమి దగ్గర ఆగిపోయిన పాఠం

నెల్లూరు సీమలో అంటురోగాల చదువు బడికంటే ముందే గ్రామదేవత గుడి దగ్గర మొదలైంది. మశూచి వస్తే ‘అమ్మవారు పోసింది’ అనేవారు. రోగిని విడిగా పడుకోబెట్టి గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఆ మండలు చూసిన ఇరుగుపొరుగు గడప తొక్కేవారు కాదు. అందులో భయభక్తులతో పాటు ఎడంగా ఉండాలన్న ఎరుకా ఉంది. నిన్నమొన్నటిదాకా ఈ జిల్లాలోనే ఉన్న వెంకటగిరిలో వినాయక చవితి వెళ్లాక, ఆ అమ్మవారిగా కొలిచే పోలేరమ్మ జాతర ఇప్పటికీ ఘనంగా జరుగుతుంది. అదంతా మూఢనమ్మకమని ఒక్కమాటతో కొట్టిపారేసే సైన్సు మాస్టారు చేతికందిన పాఠాన్ని వదులుకున్నట్టే.

1802లో బొంబాయిలో మొదలైన గోమశూచి టీకా త్వరలోనే మద్రాసు రాజధానికీ చేరింది. ఆ రోజుల్లో ఒక బిడ్డ చేతి పొక్కులోని రసి తీసి మరో బిడ్డకు ఎక్కించేవారు. ఎవరి రసి ఎవరి ఒంట్లోకి పోవాలన్న దగ్గర కులం అడ్డుపడేది. టీకా అంటే జనానికి ఎందుకు గిట్టలేదని పిల్లలు అడిగితే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

1876-78 నాటి ధాత కరువులో ఆకలి వెనకే కలరా వచ్చింది. గంజి కోసం ఒకచోట చేరిన బక్కప్రాణాలే దానికి ముందు బలయ్యాయి. 1884లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ కలకత్తా చెరువు నీటిలో కలరా క్రిమిని పట్టుకున్నాడు. మన పాఠ్యపుస్తకాలకు కోచ్ బాగా తెలుసు. ఆ గంజి బారులే తెలియవు. బొంబాయి ప్లేగు తర్వాత, 1897లో వచ్చిన అంటువ్యాధుల చట్టం అధికారులకు విశేషాధికారాలిచ్చింది. 1977లో దేశం మశూచి నుంచి బయటపడ్డట్టు తేలింది. పాఠం అక్కడ సుఖాంతమైంది.

రాష్ట్రంలో తొలి కోవిడ్ కేసు 2020 మార్చిలో నెల్లూరులోనే బయటపడింది. ఇటలీ నుంచి వచ్చిన యువకుడికి సోకింది. ప్రభుత్వం తీసింది ఆ 1897 చట్టాన్నే. తర్వాత చెన్నై కోయంబేడు మార్కెట్ మీదుగా సూళ్లూరుపేట వైపు కేసులు పాకాయి. ఏప్రిల్‌లో ఒక నెల్లూరు వైద్యుడు చెన్నైలో కన్నుమూస్తే, శ్మశానం దగ్గర స్థానికులు దహనానికి ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది మే నెలలో, ఆసుపత్రుల్లో పడకలూ ఆక్సిజనూ కరువైన వేళ, సముద్రపుటొడ్డున కృష్ణపట్నంలో నాటువైద్యుడు ఆనందయ్య ఇచ్చే కోవిడ్ మందు కోసం వేలమంది బారులు తీరారు. ప్రభుత్వం పంపిణీ ఆపించింది. పరీక్షలయ్యాక కంటి చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతిచ్చింది. ఆ మందు పనిచేసిందా లేదా అన్నది శాస్త్రం తేల్చాల్సిన ప్రశ్న. ఆసుపత్రి కంటే ఆ ఊరే ఎందుకు దగ్గరనిపించిందన్నది సాంఘికశాస్త్రం ప్రశ్న. ముత్తుకూరు, కోవూరు బడుల్లో పదో తరగతి పిల్లలు ఇంట్లో అమ్మానాన్నలనే అడిగి రాసుకురావచ్చు.

కానీ 2022లో ఎన్.సి.ఈ.ఆర్.టి. పాఠ్యభారం తగ్గిస్తూ తొమ్మిదో తరగతి సైన్సు నుంచి ‘మనకు జబ్బులెందుకు వస్తాయి’ అన్న అధ్యాయాన్ని మొత్తంగా తీసేసింది. సమాజం సంగతి అటుంచి, అంతదాకా పుస్తకంలో ఉన్న క్రిమి కూడా పోయింది.