సాక్ష్యం పలికే మాట: అరూషా నుంచి ఫిల్మ్‌నగర్ దాకా

అంతర్జాతీయ నేర న్యాయాన్ని, మానవ హక్కులను బోధించే వేసవి పాఠశాలలకు అకయేసు తీర్పు పరిచితమైన పాఠం. దానిని ఎక్కువగా న్యాయశాస్త్ర విద్యార్థులే చదువుతారు. అయితే భాషాసాహిత్య శాఖలవారు ప్రత్యేకంగా చదవవలసిన భాగం అందులో ఒకటి ఉన్నది. ఆ భాగాన్ని ఆధారం చేసుకొని, 2018లో ఫిల్మ్‌నగర్‌లో జరిగిన ఒక ఘటనను, లైంగిక హింసకు తెలుగులో ఉన్న పదాలను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. జాతి నిర్మూలనను, ఒక వృత్తిరంగంలోని వేధింపును ఒకే తక్కెడలో తూచడం తగదు. ఇక్కడి పోలిక సాక్ష్యం చెప్పే భాషకు మాత్రమే పరిమితం.

1994లో రువాండాలో జరిగిన మారణకాండను విచారించడానికి ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఏర్పరచిన ట్రిబ్యునల్ టాంజానియాలోని అరూషాలో పనిచేసింది. టాబా ప్రాంత పాలకుడైన అకయేసుపై దాఖలైన తొలి అభియోగపత్రంలో అత్యాచారం ప్రస్తావనే లేదు. విచారణ మధ్యలో సాక్షులుగా వచ్చిన స్త్రీల మాటల వల్ల అది బయటపడింది. 1997 జూన్‌లో అభియోగాలను సవరించారు. ముగ్గురు సభ్యుల ఆ ధర్మాసనంలోని ఏకైక మహిళ నవనీతం పిళ్ళై, డర్బన్‌లోని తమిళ సంతతి కుటుంబంలో పుట్టినవారు. 1998 సెప్టెంబరు 2న వెలువడిన తీర్పు అత్యాచారాన్ని జాతి నిర్మూలనలో భాగంగా గుర్తించింది. ఒక అంతర్జాతీయ న్యాయస్థానం అలా గుర్తించడం అదే మొదలు. నిర్బంధమనడానికి దేహబలం ప్రయోగించి ఉండనక్కరలేదనీ, ఎదుటివారి భయాన్ని, నిస్సహాయతను ఆసరా చేసుకొన్న ఒత్తిడి కూడా నిర్బంధమేననీ వివరించింది.

మనకు ముఖ్యమైనది ఇంకొకటి. సాక్షులు మాట్లాడింది కిన్యర్వాండా భాషలో. న్యాయమూర్తులు విన్నది అనువాదంలో. అందుచేత మథయాస్ రుజిందానా అనే భాషాశాస్త్రవేత్తను నిపుణుడిగా పిలిపించారు. అత్యాచారమని అనువదించిన చోట సాక్షులు వాడిన మూలపదాలు నాలుగని తీర్పు నమోదు చేసింది: గుసంబాన్య, కురుంగోర, కుర్యమాన, గుఫత కు న్‌గుఫు. మొదటిది వ్యభిచారానికి దింపడమనే అర్థానికి దగ్గర. రెండవది ఇష్టంతోనైనా ఇష్టం లేకుండానైనా జరిగే సంభోగాన్ని సూచిస్తుంది. మూడవది పడక పంచుకోవడం. బలవంతంగా తీసుకోవడమనే అర్థం ఉన్నది నాలుగవదానికి మాత్రమే. అయినా సందర్భాన్ని బట్టి నాలుగింటిలో ఏదైనా అత్యాచారాన్ని తెలుపగలదని, దుబాసీలను సంప్రదించిన తర్వాత ధర్మాసనం నిర్ణయించింది. నిఘంటువులోని అర్థం దగ్గరే ఆగిపోయి ఉంటే ఎన్ని సాక్ష్యాలు వీగిపోయేవో ఊహించవచ్చు.

తెలుగులోనూ ఇటువంటి చిక్కు ఉన్నది. ‘మానభంగం’ అన్నప్పుడు విరిగినది స్త్రీ మానం. చేసినవాడు ఆ పదంలో కనిపించడు. ‘అత్యాచారం’లో ఆచారాన్ని అతిక్రమించడం ఉన్నది, బాధితురాలి అంగీకారం ఊసు లేదు. ‘బలాత్కారం’ బలాన్ని చెబుతుంది, అయితే బెదిరింపు, ప్రలోభం దాని పరిధికి అందవు. ‘చెడిపోయింది’ అన్న వాడుక నేరాన్ని పూర్తిగా బాధితురాలి మీదికే నెట్టింది. మన సినిమా తొలినాళ్ళలోనే ఈ తేడాకు ఒక ఉదాహరణ దొరుకుతుంది. 1936లో ఒకే కథతో రెండు చిత్రాలు పోటీగా వచ్చాయి: ‘ద్రౌపదీ మానసంరక్షణం’, ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’. మొదటి పేరు కాపాడవలసిన మానాన్ని చెబుతుంది. రెండవది జరిగిన పనిని చెబుతుంది. నిర్మాతలు ఇంత ఆలోచించి పెట్టారనలేం కాని, న్యాయస్థానానికి పనికివచ్చే పేరు రెండవదే.

మద్రాసు నుంచి తరలివచ్చిన పరిశ్రమకు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ నివాసమూ కార్యస్థానమూ అయ్యాయి. ఇక్కడ వాడుకలో ఉన్న మాట ‘కమిట్‌మెంట్’. వేషానికి బదులుగా ఆశించే లైంగిక ప్రతిఫలానికి ఇది మారుపేరు. దీనికి తోడు ‘అడ్జస్ట్‌మెంట్’. ఇంగ్లీషులో నిబద్ధత, సర్దుబాటు అనే అర్థాలు గల ఈ రెండింటిలోనూ అడిగినవాడు దొరకడు. పైగా ‘కమిట్‌మెంట్’ అన్న మాటే స్త్రీ ఇచ్చిన హామీ అన్న భ్రమ కలిగిస్తుంది. 2018 ఏప్రిల్‌లో నటి శ్రీరెడ్డి ఫిల్మ్‌చాంబర్ ఎదుట అర్ధనగ్నంగా నిరసన తెలిపారు. మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ ఆమెకు సభ్యత్వం నిరాకరించి, ఆమెతో నటించవద్దని తన సభ్యులకు చెప్పింది. పత్రికావార్తల ఆధారంగా జాతీయ మానవ హక్కుల కమిషన్ స్వయంగా స్పందించి, తెలంగాణ ప్రభుత్వానికి, కేంద్ర సమాచార ప్రసార శాఖకు నోటీసులిచ్చింది. అదే నెలలో నిషేధం తొలగింది.

ఆ నోటీసు వెనుక ఉన్న చరిత్రలో 1993 ముఖ్యమైన సంవత్సరం. స్త్రీలపై వివక్ష నిర్మూలనకు 1979లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికను భారతదేశం ధ్రువీకరించింది ఆ ఏడాదే. మానవ హక్కుల పరిరక్షణ చట్టం, దానితోపాటు కమిషన్ వచ్చినదీ ఆ ఏడాదే. మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ పుట్టినది కూడా 1993లోనే కావడం కాకతాళీయం. పై ఒడంబడికను ఆధారం చేసుకొని సుప్రీంకోర్టు 1997లో విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. అవి 2013లో చట్టమయ్యాయి. ఉపాధిలో మేలు చేస్తానన్న హామీ స్పష్టంగా ఉన్నా, సూచనప్రాయంగా ఉన్నా వేధింపు సందర్భంలో లెక్కకు వస్తుందని ఆ చట్టంలోని 3వ సెక్షన్ చెబుతున్నది. ‘సూచనప్రాయంగా’ అన్న ఆ ఒక్క మాట ‘కమిట్‌మెంట్’ను చట్టం పరిధిలోకి తేగలదు. అందుకు ఫిర్యాదు వినేవారికి ఆ వాడుక తెలిసి ఉండాలి. పదిమందికి మించని చిన్న కార్యాలయాలు, రోజుకూలీలు, చిత్రం పూర్తికాగానే చెదిరిపోయే యూనిట్లు ఉన్న రంగంలో అంతర్గత కమిటీని వెదుక్కోవడమే కష్టం. ఇక్కడ నోటిమాటే ప్రధాన సాక్ష్యం.

2019లో తెలంగాణ ప్రభుత్వం పరిశ్రమలోని లైంగిక వేధింపులపై కమిటీని నియమించింది. కేరళలో హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టు 19న వెలువడిన తర్వాత, ఇక్కడి ఉపసంఘం నివేదికనూ ప్రచురించాలని నటి సమంత బహిరంగంగా కోరారు. హేమ కమిటీ నివేదికలోనూ ‘అడ్జస్ట్‌మెంట్’, ‘కాంప్రమైజ్’ అన్న మాటలు వాటి పరిశ్రమార్థంతో సహా నమోదయ్యాయి. తెలంగాణ నివేదిక అందినప్పుడు వాంగ్మూలాలలోని మాటలను ఉన్నవి ఉన్నట్టు రాశారా, లేక ‘అసభ్య ప్రవర్తన’ వంటి కార్యాలయ భాషలోకి మార్చారా అన్నది మన శాఖలు ముందుగా చూడవలసిన అంశం.