ఆటపట్టించడానికీ ఒక చరిత్ర ఉంది

స్వర్ణోత్సవ సంచిక కమిటీ వారు నాకు అప్పగించిన పని తేలికైనదే అనుకున్నాను. "మన బ్యాచ్ వాళ్ళ మీద సరదాగా తలా నాలుగు వాక్యాలు రాసి ఇవ్వు, చదివి నవ్వుకుంటాం" అన్నారు. సరేనన్నాను. ఆ సంగతి బయటికి పొక్కిన వారంలోపే నాకు మూడు ఫోన్లు వచ్చాయి. మొదటివాడు "ఒరేయ్, నా గురించి తప్పకుండా రాయాలి" అన్నాడు. రెండోవాడు "నా గురించి రాస్తే అచ్చుకు పంపేముందు నాకు చూపించాలి" అన్నాడు. మూడో ఫోను మా తరగతిలో చదివిన అమ్మాయి చేసింది. అమ్మాయి అంటున్నాను గానీ ఇప్పుడు అమ్మమ్మ. "అందరి మీదా రాయి, నా మీదా రాయి. బళ్ళో నన్ను పిలిచిన ఆ పేరు మాత్రం అచ్చులో వద్దు. నా మనవరాలికి చదవడం వచ్చేసింది" అంది.

ఆ మూడో ఫోను తర్వాత కలం కదల్లేదు. నేను వంతెనల పనిలో 30 ఏళ్ళు గడిపినవాణ్ణి. ఏదైనా కట్టేముందు అలాంటిది ఇదివరకు ఎవరు కట్టారు, ఏది నిలిచింది, ఏది పగుళ్ళిచ్చింది అని చూసుకోవడం మా వృత్తిలో మొదటి పాఠం. తోటివాళ్ళ మీద సరదాగా రాయడమనే పనికి కూడా పాత డ్రాయింగులు ఏమున్నాయో వెతికాను. చాలానే ఉన్నాయి. కమిటీ వారు అడిగినది నాలుగు వాక్యాలు. వాటికి ముందు ఈ చరిత్ర కాస్త ఓపిగ్గా చదవాలని మనవి.

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో ఏథెన్సు నగరంలో థియోఫ్రాస్టస్ అనే పండితుడుండేవాడు. అరిస్టాటిల్ తర్వాత ఆయన విద్యాలయాన్ని నడిపిన శిష్యుడు. మొక్కల్ని పరిశీలించి, వర్గాలుగా విడదీసి పెద్ద గ్రంథాలు రాశాడు. ఆ కన్నుతోనే మనుషుల్ని కూడా చూశాడు. వాగుడుకాయ, ముఖస్తుతి చేసేవాడు, గొప్పలు చెప్పుకునేవాడు, పిసినారి ఇలా 30 రకాల మనుషుల మీద చిన్న చిన్న చిత్రణలు చేశాడు. ఆయన పిసినారి ఎలాంటివాడంటే, భార్య చేతిలోంచి ఒక చిన్న నాణెం జారి పడితే ఇంట్లో మంచాలూ పెట్టెలూ అన్నీ జరిపించి వెతికిస్తాడు. చదవగానే మనకు తెలిసిన ఒక మొహం కళ్ళముందు కనబడుతుంది. కానీ థియోఫ్రాస్టస్ ఎవరి పేరూ రాయలేదు. ఆయన పట్టుకున్నది గుణాన్ని, మనిషిని కాదు.

ఫ్రాన్సులో లా బ్రుయేర్ అనే రచయిత ఈ గ్రీకు పుస్తకాన్ని అనువదించి, దాని వెంట తన కాలపు మనుషుల చిత్రణలు చేర్చి 1688లో అచ్చువేశాడు. ఆయనా కల్పిత నామాలే వాడాడు. అయినా చదివినవాళ్ళు ఊరుకోలేదు. ఫలానా పేరు వెనక ఉన్నది ఫలానా పెద్దమనిషేనంటూ జాబితాలు తయారుచేసి చేతులు మార్చుకున్నారు. ఆయన కాదు మొర్రో అన్నా ఎవరూ వినలేదు. పేరు దాచినంత మాత్రాన రాసినవాడి బాధ్యత తీరదని నాకు ఇక్కడ తెలిసింది. "పేరు రాయనులే, అందరికీ తెలిసిపోతుంది" అని నవ్వే మిత్రులు ఈ సంగతి గమనించాలి. ఈ సంచిక చదివేది మనమే. మన మధ్య ఏ పేరూ దాగదు.

తర్వాతి మలుపు లండనులో వచ్చింది. 1711 మార్చి 1న ఎడిసన్, స్టీల్ అనే ఇద్దరు మిత్రులు 'స్పెక్టేటర్' అనే దినపత్రిక మొదలుపెట్టారు. ఒక కాగితం, ఒక వ్యాసం, వెల ఒక పెన్నీ. రెండో సంచికలోనే స్టీల్ ఒక క్లబ్బును పరిచయం చేశాడు. పల్లెటూరి జమీందారు సర్ రోజర్, వర్తకుడు సర్ ఆండ్రూ, మాజీ సైనికుడు కెప్టెన్ సెంట్రీ, వయసు మళ్ళినా సోకు తగ్గని విల్ హనీకూంబ్, ఒక న్యాయవాది, ఒక మతాచార్యుడు. వీళ్ళందరినీ గమనిస్తూ తాను మాత్రం నోరు విప్పని పత్రికా రచయిత ఒకడు. అందరూ కల్పితులే. కానీ పాఠకులకు ఇంట్లో మనుషులైపోయారు.

సర్ రోజర్ చర్చికి వెళ్ళే ఘట్టం చూడండి. ఊళ్ళో వాళ్ళంతా ఆయన కౌలుదార్లు. ప్రసంగం జరుగుతుండగా తాను తప్ప ఇంకెవరూ నిద్రపోకూడదు. ఒక కునుకు తీసి లేచి, నిలబడి చుట్టూ చూసి, ఎవడైనా జోగుతూ కనిపిస్తే తట్టి లేపుతాడు, లేదా నౌకరును పంపి లేపిస్తాడు. మధ్యాహ్నం పీరియడులో కుర్చీలో కునుకు తీసి, లేచీ లేవగానే చివరి బెంచీ మీద సుద్దముక్క విసిరే మాష్టార్లను ఎరిగిన మనకు ఇదేమీ వింత కాదు. ఇక్కడ గమనించవలసింది మరొకటుంది. ఎడిసన్ ఒక రాజకీయ పక్షం మనిషి. సర్ రోజర్‌ది దానికి ఎదుటి పక్షం. అప్పట్లో ఆ రెండు పక్షాల మధ్యా నిప్పూ ఉప్పూ. అయినా ఆయన చాదస్తాన్ని నవ్వుతూ చూపించాడే గానీ ఆయన మంచితనాన్ని ఎక్కడా తగ్గించలేదు. 1712 అక్టోబరులో సర్ రోజర్ మరణవార్తను ఆయనే రాశాడు. ఏడాదిన్నర పాటు ఆటపట్టించిన మనిషికి అంత మర్యాదగా వీడ్కోలు చెప్పాడు.

ఈ క్లబ్బు సముద్రం దాటి గోదావరి జిల్లాకు వచ్చింది. పిఠాపురం సంస్థానంలో ఉన్న పానుగంటి లక్ష్మీనరసింహారావు గారు స్పెక్టేటర్ ప్రేరణతో 'సాక్షి' వ్యాసాలు రాశారు. అవి మొదట 'సువర్ణలేఖ'లో, తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు గారి 'ఆంధ్రపత్రిక'లో వచ్చాయి. అక్కడి క్లబ్బు ఇక్కడ సాక్షి సంఘమైంది. సాక్షి, జంఘాలశాస్త్రి, కాలాచార్యుడు, వాణీదాసు, బొఱ్ఱయసెట్టి అని అయిదుగురు సభ్యులు. పాత్రలు పరాయి దేశపు అచ్చులోంచి వచ్చాయన్న అనుమానం ఎక్కడా రాదు. జంఘాలశాస్త్రి లేచి ఉపన్యాసం మొదలెడితే ఆ ధోరణి, ఆ ఊపు, ఒకే మాటను పదిరకాలుగా తిప్పి కొట్టే ఆ వరస అచ్చంగా మన అరుగుల మీదివే. మనలో చాలామందికి ఆయన తెలుగు వాచకంలోనే పరిచయం. తెలుగువాళ్ళు తెలుగును చిన్నచూపు చూడటం మీద ఆయన విరుచుకుపడితే, ఆ తిట్లలో మనమూ ఉన్నామని తెలిసి కూడా నవ్వుతాం. తిట్టేవాడు మనవాడు కాబట్టి.

ఇంతవరకూ అందరూ కల్పిత సభ్యులే. నిజమైన స్నేహితుల మీద, నిజమైన పేర్లతో, వాళ్ళు వినేలా రాసినవాడు ఆలివర్ గోల్డ్‌స్మిత్. ఈయనకూ మనకూ చుట్టరికం ఉంది. కందుకూరి వీరేశలింగం గారి 'రాజశేఖర చరిత్రము'కు ప్రేరణ ఈయన రాసిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' నవలే.

గోల్డ్‌స్మిత్ మొహం నిండా స్ఫోటకం మచ్చలు. మంచి బట్టల మీద మోజు, చేతిలో డబ్బు నిలవదు. రాయడంలో దిట్ట, నలుగురిలో మాట్లాడబోతే తడబాటు. ఒక సాయంత్రం లండను కాఫీ హోటల్లో మిత్రులు ఆయన్ని ఆటపట్టించాలనుకున్నారు. బతికున్న మనిషికే సమాధి మీద రాసే పద్యాలు తలా ఒకటి చెప్పారు. ఆనాటి మహానటుడు గారిక్ అప్పటికప్పుడు ఒక ద్విపద అందుకున్నాడు. కలం పట్టుకుంటే ఎంత గొప్పవాడో, నోరు తెరిస్తే అంత అయోమయం అని దాని సారం. అందరూ పకపకా నవ్వారు. గోల్డ్‌స్మిత్‌కు మాట వెంటనే తోచే అలవాటు లేదు కదా, ఇంటికి వెళ్ళి నింపాదిగా 'రిటాలియేషన్' అనే కవిత రాయడం మొదలుపెట్టాడు. మన మాటల్లో బదులు తీర్చుకోవడం.

అందులో ముందు ఒక విందు. మిత్రులు తలా ఒక వంటకం. గారిక్ పుల్లనా తియ్యనా ఉప్పనా కలిసిన సలాడ్. పార్లమెంటు వక్త బర్క్ నాలుక కూర, పక్కన మెదడు అలంకారం. తనను తాను వదిలిపెట్టలేదు. తాను గూస్‌బెర్రీ పండుతో చేసే 'ఫూల్' అనే తీపి వంటకమట. ఆ మాటకు ఇంగ్లీషులో ఇంకో అర్థం ఏమిటో చెప్పనక్కర్లేదు. తర్వాత ఒక్కొక్కరి మీదా సమాధి పద్యం. బర్క్ లోకం మొత్తానికి పనికొచ్చే బుద్ధిని ఒక పార్టీకి ధారపోశాడన్నాడు. గారిక్ రంగస్థలం మీద సహజంగా ఉంటాడు, దిగిన తర్వాతే నటిస్తాడన్నాడు. చివరికి చిత్రకారుడు రేనాల్డ్స్ వంతు వచ్చింది. ఆయనకు చెవుడు, చెవికి గొట్టం పెట్టుకుని వినేవాడు. తెలిసీ తెలియనివాళ్ళు చిత్రలేఖనం మీద వాదనకు దిగితే ఆ గొట్టం తీసేసి నస్యం పీల్చేవాడని రాశాడు. ఆ కొద్ది పంక్తులతోనే కవిత ఆగిపోయింది. 1774 ఏప్రిల్ 4న గోల్డ్‌స్మిత్ చనిపోయాడు. మిత్రులు సరదాకు రాసిన సమాధి పద్యాల్లో ఆయనది నిజమైంది. ఆయన కవిత అసంపూర్తిగానే అచ్చయింది.

రేనాల్డ్స్ మీది ఆ పంక్తులు నేను మళ్ళీ మళ్ళీ చదివాను. చెవుడు ఆయన కోరుకున్నది కాదు. గోల్డ్‌స్మిత్ చెవుడును చూసి నవ్వలేదు. ఆ చెవుడుతో ఆయన చేసిన తెలివైన పనిని చూసి నవ్వాడు. నాకు కావలసిన కొలత అక్కడ దొరికింది. మన బళ్ళో పెట్టిన పేర్లు రెండు రకాలు. మనిషి చేసే పనిని బట్టి పుట్టినవి కొన్ని. ఒంటి రంగును బట్టి, అవకరాన్ని బట్టి, తండ్రి చేసే పనిని బట్టి, ఇంటి లేమిని బట్టి పుట్టినవి కొన్ని. మొదటి రకం పేరుతో పిలిస్తే ఈరోజుకీ పిలిపించుకున్నవాడే ముందు నవ్వుతాడు. రెండో రకం పేరును 40 ఏళ్ళ తర్వాత కూడా మనవరాలి కంట పడకుండా దాచుకోవాలి. ఆ తేడా తెలియక కాదు, పిల్లతనంలో ఎవరూ అడగక అవి చలామణీ అయ్యాయి. వంతెన పలకల మధ్య మేము కొంత సందు వదులుతాం. ఎండకు కాంక్రీటు సాగితే అది తట్టుకోవాలి. సందు వదలకుండా బిగిస్తే మొదటి వేసవికే పగులుతుంది. స్నేహితుడి మీద రాసేవాడు వదలవలసిన సందు జవాబు చెప్పే అవకాశం. గారిక్ అన్నాడు, గోల్డ్‌స్మిత్ బదులిచ్చాడు. అందుకే అది ఆట.

ఇక కమిటీ వారికి బాకీపడ్డ వాక్యాలు.

మా కబడ్డీ కెప్టెన్ కూతకు వెళితే ఊపిరి ఆపి అటు నలుగుర్ని తాకి వచ్చేవాడు. ఇప్పుడు ఫోను చేస్తే ఊపిరి తీసుకోకుండా 40 నిమిషాలు మాట్లాడతాడు. గీత దాటి ఇవతలికి రావడం మాత్రం మరిచిపోయాడు.

వాగు అవతలి ఊరి నుంచి నడిచొచ్చే మా మిత్రుడు ఏనాడూ మొదటి గంటకు బడి చేరలేదు. రైల్వే ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు మా లెక్కల మాష్టారు "సరైన చోటికే చేరాడు" అన్నారు.

నన్ను ఫోనులో హెచ్చరించిన ఆవిడ మా తరగతి మానిటరు. మాష్టారు లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసేది. ఒకరోజు తానే పక్కమ్మాయితో మాట్లాడి, వెంటనే లేచి తన పేరు కూడా రాసుకుంది. మాష్టారు వచ్చి అందరితోపాటు తననీ నిలబెట్టారు. ఆవిడ మనవరాలు చదవాల్సింది ఇది.

నేను డ్రాయింగు పరీక్షలో స్కేలు లేకుండా తిన్నగా గీత గీసి మార్కులు కొట్టినవాణ్ణి. మా ఇంట్లో గోడకు పటం తగిలిస్తే అది వంకరో కాదో మా ఆవిడ వచ్చి చెప్పాలి.

ఇంకొకడున్నాడు. మాష్టార్లందరి నడకా గొంతూ దించేవాడు. ఒక వార్షికోత్సవంలో హెడ్మాస్టరు గారే వాణ్ణి పిలిచి "నన్ను కూడా చెయ్యి" అన్నారు. వాడు వణుకుతూనే చేశాడు. ఆయన అందరికన్నా గట్టిగా నవ్వి, జేబులోని పెన్ను తీసి వాడికిచ్చారు. ఈ సంచిక శ్రద్ధాంజలి పేజీలో వాడి ఫొటో ఉంది, కింద రెండు తేదీలున్నాయి. వాడు బదులు చెప్పలేడు కాబట్టి వాడి మీద వెక్కిరింత ఏమీ రాయలేదు. జరిగింది జరిగినట్టు రాశాను. ఆ రెండు తేదీల మధ్య ఈ సంగతి కూడా ఉందని చదివినవాళ్ళకు తెలియాలి.

ఈ వ్యాసం తర్వాతి పేజీని ఖాళీగా వదలమని కమిటీని అడిగాను. ప్రకటన ఒకటి పోతుందని కోశాధికారి గారు గొణిగినా చివరికి ఒప్పుకున్నారు. మీ బెంచీలో పక్కన కూర్చున్నవారి మీద అందులో నాలుగు వాక్యాలు రాయండి. ఉత్సవం రోజు తెచ్చి వారి ఎదుటే చదవండి. బదులు చెప్పడానికి వారికి రెండు నిమిషాలివ్వండి. మా కబడ్డీ కెప్టెన్‌కు మాత్రం ఒక నిమిషమే.