పూత – కట్టు – కుట్టు: బొమ్మ దుస్తుల చరిత్రలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల

ప్రస్తావన

వస్త్ర చరిత్రను మగ్గంతో మొదలుపెట్టి అంగడితో ముగించడం పరిశోధనలో పరిపాటి. నేత, అద్దకం, వ్యాపారం, కార్మిక జీవనం ప్రధానాంశాలుగా తెలుగులో విస్తృతమైన కృషి జరిగింది. అయితే నేసిన బట్టలో మనిషి ఒంటికి చేరని భాగం ఒకటి ఉంటుంది. కత్తిరింపులో మిగిలిన ముక్క, పాతబడిన చీర కొంగు, ఊడిన అంచు అటువంటివి. తెలుగు ఇళ్లలో ఆ భాగం బొంతలోకి, దీపపు వత్తిలోకి, ఆడపిల్లల బొమ్మల మీదికి చేరింది. బొమ్మకు బట్ట కట్టడం పిల్లల ఆటగా, బొమ్మకు బట్ట కుట్టడం పెద్దల అభిరుచిగా పరిగణింపబడి, రెండూ చరిత్ర రచనకు వెలుపలే నిలిచాయి.

ఈ వ్యాసం ఆ విషయాన్ని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల నేపథ్యంలో పరిశీలిస్తుంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఈ మూడూ కరీంనగర్ జిల్లాలోనివే. మానేరు ఒడ్డున ఉన్న సిరిసిల్ల నేతకు, నిజామాబాద్ దారిలోని జగిత్యాల, కోరుట్ల ప్రాంతం బీడీ పనికి, గల్ఫ్ వలసలకు పేరుపొందాయి. మూడు చోట్లా స్త్రీల వేళ్ల నేర్పు కుటుంబ జీవనానికి ఆధారం. బొమ్మ దుస్తుల తయారీని తీరిక నుంచి పుట్టిన వ్యాపకంగా నిర్వచించే పద్ధతి ఇటువంటి ప్రాంతానికి సరిపోదు. ఇక్కడ దాని మూలం తీరిక కాదు, పేలిక. ఈ ప్రతిపాదనను నిరూపించడం, చిన్నదాన్ని చేసే నేర్పుకు దక్కే గుర్తింపులోని అసమానతను చూపడం ఈ వ్యాస లక్ష్యం.

మూడు విధానాలు

తెలుగు ప్రాంతాల్లో బొమ్మకు దుస్తులు సమకూర్చే విధానాలను పూత, కట్టు, కుట్టు అని మూడుగా విభజించవచ్చు. కొయ్యతో చేసే నిర్మల్, కొండపల్లి బొమ్మలకు, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసే చేర్యాల బొమ్మలకు చీర, రవిక, ధోవతి రంగులతోనే ఏర్పడతాయి. ఇది పూత. ఇక్కడ దుస్తు బొమ్మ శరీరంలో భాగం. దాన్ని విప్పడానికి, మార్చడానికి వీలులేదు. అందువల్ల ఆ బొమ్మ వయస్సు, వృత్తి, హోదా శాశ్వతంగా నిశ్చితమవుతాయి. పాలమ్మే స్త్రీ ఎప్పటికీ పాలమ్మే స్త్రీయే.

రెండవది కట్టు. పుల్లకు పాతగుడ్డ చుట్టి చేసిన బొమ్మకు, మట్టి బొమ్మకు, చెక్క బొమ్మకు పిల్లలు పేలికను చీరగానో ధోవతిగానో చుడతారు. దీనికి సూది అక్కరలేదు. మూడవది కుట్టు. కొలత తీసి, కత్తిరించి, అతికి, బొమ్మకు తొడిగే దుస్తు ఇది.

ఈ విభజనకు భాషలోనే ఆధారం ఉంది. తెలుగులో చీర ‘కట్టుకుంటారు’, రవిక ‘తొడుక్కుంటారు’. ధోవతి కట్టుకుంటారు, అంగి తొడుక్కుంటారు. కుట్టని వస్త్రానికి కట్టు, కుట్టిన వస్త్రానికి తొడుగు అనే భేదాన్ని క్రియాపదాలు కాపాడుతున్నాయి. ‘వేసుకొను’ అనే సామాన్య క్రియ నేటి వాడుకలో ఈ హద్దును చాలావరకు చెరిపివేసినా, చీర విషయంలో ‘కట్టు’ చెక్కుచెదరలేదు. బొమ్మలాటలోనూ ఇదే వ్యవహారం. బొమ్మకు చీర కడతారు, గౌను తొడుగుతారు. ఒకటి మగ్గం నుంచి దిగిన వస్త్రాన్ని నేరుగా శరీరానికి అన్వయించే సంప్రదాయం. రెండవది మగ్గానికీ శరీరానికీ మధ్య కత్తెరను నిలిపిన సంప్రదాయం.

బొమ్మల పెండ్లి: కట్టు సంప్రదాయం

బొమ్మల పెండ్లికి తెలుగు సాహిత్యంలో ప్రాచీనమైన సాక్ష్యం ఉంది. పోతన భాగవతం దశమస్కంధంలో రుక్మిణి బాల్యక్రీడల్లో బొమ్మల పెండ్లిళ్లు కనిపిస్తాయి. నరకాసురునితో యుద్ధానికి వచ్చిన సత్యభామను వర్ణించే సందర్భంలో యుద్ధరంగానికి ప్రతిపక్షంగా, సుకుమార బాల్యానికి గుర్తుగా బొమ్మల పెండ్లి ప్రస్తావన వస్తుంది. రెండు సందర్భాల్లోనూ కవి దృష్టి ఆడుతున్న బాలికపై ఉంది కాని, బొమ్మ ఒంటిమీది బట్టపై లేదు. కావ్యప్రయోజనం దృష్ట్యా అది సహజం. సాహిత్యాన్ని ఆధారం చేసుకొని జనజీవన చరిత్రను నిర్మించే మార్గాన్ని సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) స్థిరపరచింది. బొమ్మ దుస్తుల వంటి విషయానికి ఆ మార్గంతో పాటు వస్తువును, పనిముట్టును, వృత్తిపదాన్ని కూడా ఆధారంగా స్వీకరించాలి.

బొమ్మల పెండ్లి వివాహ తంత్రానికి అనుకరణ. అందులో వియ్యంకులు, కట్నకానుకలు, విందు ఉంటాయి. పెండ్లికూతురు బొమ్మకు చీర కట్టే సమయంలో బాలిక నేర్చుకొనే విషయాలు మూడు. అంచు కిందికి రావాలన్నది మొదటిది. కుచ్చిళ్లు ఒకే వెడల్పున పడాలన్నది రెండవది. కొంగుకు ఎంత మిగల్చాలో కట్టడానికి ముందే లెక్కించాలన్నది మూడవది. తాను చీర కట్టే వయస్సుకు చాలా ముందుగానే చీరకట్టు వ్యాకరణం ఆమె చేతికి వస్తుంది. ఈ దృష్టితో చూస్తే బొమ్మ ఆటవస్తువు మాత్రమే కాదు, పాఠ్యవస్తువు కూడా.

సూది, యంత్రం, తరగతి

కుట్టు విధానం ఇళ్లలోకి రావడానికి కుట్టుమిషను ముఖ్య కారణం. ఐజాక్ సింగర్ తన యంత్రానికి 1851లో అమెరికాలో పేటెంటు పొందాడు. 19వ శతాబ్దం చివరి పాదంలో సింగర్ యంత్రాలు భారతదేశంలో అమ్మకానికి వచ్చాయి. 20వ శతాబ్దంలో కలకత్తాలో తయారైన ఉషా యంత్రం మధ్యతరగతి ఇంటి సామానులో చేరింది. తెలంగాణలో కుట్టుపని మేర కులస్థుల వృత్తి. యంత్రం ఇంటికి చేరడంతో ఆ విద్య కులవృత్తి హద్దును దాటి స్త్రీల గృహోపాధిగా విస్తరించింది. రవిక, లోపలి లంగా, పిల్లల గౌను ఇంట్లోనే కుట్టే అలవాటు పెరిగేకొద్దీ, బొమ్మ ఒంటికి సరిపోయే ముక్కలు కూడా పెరిగాయి.

కుట్టు శిక్షణలో సూక్ష్మ పరిమాణానికి నిశ్చితమైన స్థానం ఉంది. నేర్చుకొనేవారు మొదట కాగితంపై తగ్గించిన కొలతతో నమూనా గీసి కత్తిరిస్తారు. చిన్న రవిక, చిన్న చొక్కా కుట్టి రికార్డు పుస్తకంలో అతికిస్తారు. టైలరింగ్ లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలకు సిద్ధమయ్యేవారికి ఇది పరిచితమైన అభ్యాసం. ఆ చిన్న రవికకూ బొమ్మ రవికకూ తయారీలో భేదం స్వల్పం, వ్యవహారంలో భేదం మాత్రం అధికం. ఒకటి విద్య, రెండవది కాలక్షేపం. ఒకే చేతి పని పుస్తకంలో అతికితే మార్కులు పొందుతుంది, బొమ్మకు తొడిగితే లెక్కలోకి రాదు.

సేకరణ బొమ్మ: ప్రపంచ సందర్భం

దుస్తులు మార్చడం కోసమే రూపొందిన బొమ్మ ప్రపంచ విపణిలో స్థిరపడిన ఘట్టం బార్బీ. 1959 మార్చి 9న న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో మాటెల్ సంస్థ దీన్ని విడుదల చేసింది. ఎత్తు పదకొండున్నర అంగుళాలు. తొలి దుస్తుల రూపకర్తగా షార్లెట్ జాన్సన్ పేరు చరిత్రలో నిలిచింది. వాటిని చేతితో కుట్టినవారు జపాన్‌లో ఇంటివద్ద పనిచేసిన స్త్రీలు. వారి పేర్లు బొమ్మ పెట్టెపైకి ఎక్కలేదు. రూపకల్పనకు పేరు, కుట్టుకు కూలి అనే విభజన ఈ రంగంలో ఆరంభం నుంచీ ఉన్నదనడానికి ఇది ప్రబల నిదర్శనం.

వస్త్రాల కొరత సూక్ష్మ దుస్తులకు ప్రేరణ అయిన సందర్భమూ ఉంది. రెండవ ప్రపంచయుద్ధం కారణంగా బట్ట దొరకని స్థితిలో పారిస్ దుస్తుల రూపకర్తలు 1945లో తీగతో చేసిన చిన్న బొమ్మలకు తమ కొత్త రూపకల్పనలు తొడిగి ‘తెయాత్ర్ ద లా మోద్’ పేరుతో ప్రదర్శించారు. బొమ్మల పరిమాణం మనిషిలో మూడోవంతు. బట్ట చాలనిచోట బొమ్మ మనిషికి ప్రతినిధి అయింది.

భారతదేశంలో సేకరణ బొమ్మకు సంస్థాగత రూపం ఇచ్చినవారు కార్టూనిస్టు కె. శంకర్ పిళ్లై. ఆయన స్థాపించిన అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం 1965లో ఢిల్లీలో ప్రారంభమైంది. దానికి అనుబంధమైన కార్యశాలలో వివిధ ప్రాంతాల వస్త్రధారణను, ఆభరణాలను పరిశీలించి బొమ్మలకు దుస్తులు సమకూర్చారు. ఇక్కడ బొమ్మ దుస్తు జనపద సంస్కృతికి పత్రం వంటిది. ఆ స్థాయి గౌరవం ఇంటిలో కుట్టిన బొమ్మ దుస్తుకు లభించలేదు.

సాంచెల ఊరిలో పేలిక

సిరిసిల్లలో మరమగ్గాన్ని ‘సాంచా’ అంటారు. యజమాని ఇచ్చిన నూలుతో తన సాంచెలపై బట్ట నేసి ఇచ్చేవాడు ‘ఆసామి’. వార్పిన్, వైపని, కండెలు చుట్టడం వంటి పనులు ఈ వ్యవస్థలో ఉపవృత్తులు. కండెలు చుట్టడంలో, బీడీలు చుట్టడంలో, లోపలి లంగాలు కుట్టడంలో స్త్రీల శ్రమ ప్రధానం. సిరిసిల్ల సాంచెలపై నేసే బట్టలో పాలిస్టరు గుడ్డకు, లంగా గుడ్డకు పెద్ద వాటా ఉంది. 2017 నుంచి ప్రభుత్వ బతుకమ్మ చీరల తయారీ కూడా ఈ సాంచెలకు పనినిచ్చింది. బట్ట ధర, కూలి రేటు, ఆర్డరు రావడం, రాకపోవడం ఇక్కడ ప్రాణాంతక విషయాలు. గత కొన్ని దశాబ్దాలలో నేత కార్మికుల ఆత్మహత్యలు ఈ పట్టణాన్ని పదేపదే వార్తల్లో నిలిపాయి. ఇటువంటి చోట అభిరుచి గురించి చర్చించడం అప్రస్తుతంగా తోచవచ్చు. కాని ఇక్కడ ఒక ముఖ్యమైన భేదం గమనార్హం. సాంచాపై దిగిన గజం బట్ట యజమానిది. ఇంటిలో మిగిలిన పేలిక మాత్రం స్త్రీది. దానిపై రేటు లేదు, గడువు లేదు, తనిఖీ లేదు. బీడీ పనిలో ఆకు కొలతకు తగినట్టు కత్తిరించకపోతే కార్ఖానాలో తిరస్కరణ తప్పదు. పేలికకు కొలత నిర్ణయించేది కుట్టే వ్యక్తే. అందువల్ల ఈ పట్టణాల్లో బొమ్మ దుస్తు స్త్రీ తన నేర్పును తన నిర్ణయానుసారం వినియోగించే అరుదైన తావు.

పేలిక స్వభావం దుస్తు రూపాన్ని నిర్దేశిస్తుంది. నూలుగుడ్డ కత్తిరించినచోట పోగులు ఊడుతుంది. దాన్ని మడిచి కుడితే బొమ్మ ఒంటిపై మందమైన గట్టు ఏర్పడుతుంది. పాలిస్టరు గుడ్డ వేడికి కరుగుతుంది కనుక అంచును మంటకు స్వల్పంగా చూపితే పోగులు అతుక్కొని మడత అవసరం తీరుతుంది. మగ్గంపై సహజంగా ఏర్పడిన అంచు ముక్క దొరికితే అదే బొమ్మ చీరకు అంచు. మూరెడు పువ్వులున్న చీర బొమ్మకు పనికిరాదు. సన్నచుక్కల రవికగుడ్డ పెద్దపువ్వుల చీరగా కనిపిస్తుంది. రవిక వెనుక హుక్కులకు బదులు చిన్న టిచ్చుబటన్ చాలు. కోరుట్ల, జగిత్యాల మ్యాచింగ్ సెంటర్లలో రవికగుడ్డలు, లేసులు, ఫాల్ గుడ్డలు విడివిడిగా దొరకడం ఈ పనికి అనుకూలం. గల్ఫ్‌లో పనిచేసేవారు ఇంటికి తెచ్చే సామానులో ప్లాస్టిక్ బొమ్మ చేరిన చోట, విదేశీ గౌను విప్పి దేశీ చీర కట్టడం సాంస్కృతిక అనువాదమే.

సూక్ష్మతకు రెండు కొలతలు

సిరిసిల్లకు సూక్ష్మ నైపుణ్యంలో విశిష్ట కీర్తి ఉంది. అగ్గిపెట్టెలో పట్టే చీరను నేసిన నల్ల పరంధాములు, అదే మార్గాన్ని కొనసాగించిన ఆయన కుమారుడు నల్ల విజయ్ ప్రసిద్ధులు. 2022 జనవరిలో విజయ్ తన చీరను హైదరాబాద్‌లో మంత్రుల సమక్షంలో ప్రదర్శించారు. అదే పట్టణానికి చెందిన వెల్ది హరిప్రసాద్ చేనేతపై నేసిన జీ-20 చిహ్నం 2022 నవంబరులో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ప్రస్తావనకు వచ్చింది. వీరి ప్రతిభ నిస్సందేహంగా ప్రశంసార్హం.

అగ్గిపెట్టె చీరను బొమ్మ చీరతో పోల్చితే ఒక సాంకేతిక వైరుధ్యం బయటపడుతుంది. అగ్గిపెట్టె చీరలో కొలత మారదు, మందం తగ్గుతుంది. ఐదున్నర మీటర్ల నిడివి అలాగే ఉండి, దారం సన్నబడుతుంది. బొమ్మ చీరలో కొలత మారుతుంది, మందం మారదు. బార్బీ పరిమాణం మనిషిలో ఆరోవంతు. ఆ లెక్కన ఐదున్నర మీటర్ల చీర సుమారు 92 సెంటీమీటర్లు, 115 సెంటీమీటర్ల పన్నా సుమారు 19 సెంటీమీటర్లు అవుతాయి. దారాన్ని మాత్రం ఆరోవంతు చేయడం కుట్టే వ్యక్తి చేతిలో లేదు. అదే గుడ్డకు అన్ని కుచ్చిళ్లూ పెడితే బొమ్మ నడుము ఉబ్బిపోతుంది. అందువల్ల కుచ్చిళ్ల సంఖ్య తగ్గించి, లోపలి మడతలు కత్తిరించి, కుట్టు విడుపును రెండు మూడు మిల్లీమీటర్లకు కుదించి, చీర నిండుగా ఉన్నదనే భ్రాంతిని కల్పించాలి. మొదటిది పదార్థంపై సాధించిన విజయం, రెండవది పదార్థం మొండితనంతో కుదుర్చుకున్న రాజీ. రెండింటికీ లెక్క, ఓర్పు, చేతివాటం సమానంగా అవసరం.

గుర్తింపు మాత్రం సమానం కాదు. మగ్గంపై పుట్టిన సూక్ష్మత కళగా సభకు చేరింది. సూదిపై పుట్టిన సూక్ష్మత ఇంటి గూటిలో మిగిలింది. ఈ భేదానికి కారణం నేర్పులో లేదు, పనిముట్టులో ఉంది. మగ్గం కులవృత్తికి, పట్టణ గౌరవానికి, విపణికి ప్రతీక. సూది గృహానికి ప్రతీక. జపాన్ స్త్రీల కుట్టుకు జరిగినదే ఇక్కడా మరో రూపంలో జరిగింది.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన విషయాలు ఇవి. బొమ్మ దుస్తుల పరిణామాన్ని పూత, కట్టు, కుట్టు అనే క్రమంలో అధ్యయనం చేయవచ్చు. ఆ క్రమానికి తెలుగు క్రియాపదాలే సాక్ష్యం. బొమ్మల పెండ్లి చీరకట్టుకు, చిన్న కొలత నమూనా కుట్టుపనికి పాఠశాలలుగా పనిచేశాయి. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వంటి శ్రమ పట్టణాల్లో బొమ్మ దుస్తు విలాసానికి గుర్తు కాదు. కూలి లెక్కకు లొంగని బట్టముక్కపై స్త్రీ నిలుపుకొన్న అధికారానికి గుర్తు.

వృత్తి పదకోశాలు సాంచా, ఆసామి, కండె వంటి మాటలను నమోదు చేస్తున్నాయి. పేలికకు, కుట్టు విడుపుకు, టిచ్చుబటన్‌కు కూడా ఆ కోశాల్లో చోటు దక్కాలి. పిల్లలు పెరిగిన తరువాత బొమ్మ దుస్తులను దాచేవారు తక్కువ. మళ్లీ అవి దీపపు వత్తిగానో మసిగుడ్డగానో మారతాయి. వస్తువు నశించకముందే కొలతతో, కుట్టుతో, కుట్టిన వ్యక్తి మాటలతో సహా నమోదు చేయడం జానపద వస్తు సంస్కృతి అధ్యయనం వెంటనే చేపట్టవలసిన పని.