నలుగురూ ఏమంటారు?

వినుకొండకు ఆ పేరు ఎలా వచ్చిందో ఆ ఊళ్ళో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. సీతమ్మను రావణుడు ఎత్తుకుపోయాడన్న వార్త రాములవారు ఆ కొండమీదే విన్నారట. విన్న కొండ గనుక వినుకొండ. తొలి ఏకాదశినాడు రామలింగేశ్వరుడి తిరునాళ్ళకు కొండెక్కే జనాన్ని చూస్తే, ఆ కథ నిజమా కాదా అని అడగబుద్ధి కాదు.

నాకు మాత్రం ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా ఇంకో సంగతి తోస్తుంది. ఆ కొండ రాములవారి వార్త ఒక్కటే విని ఊరుకుని ఉండదు, కింద ఊరివాళ్ళ మాటలూ బోలెడు విని ఉంటుంది గదా అని. అందులో మరీ ఎక్కువసార్లు విన్నమాట, మన ఆడవాళ్ళందరికీ ఊహ తెలిసిన దగ్గర్నుంచీ చెవినబడే మాటే అయివుంటుంది: "నలుగురూ ఏమంటారు?"

ఆ నలుగురి పేర్లేమిటో, ఇళ్ళెక్కడో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. కానీ ఎవరితో గట్టిగా నవ్వాలో, ఎవరింట్లో మంచినీళ్ళు తాగకూడదో, పిల్లను ఎవరికివ్వాలో అన్నీ వాళ్ళే తేలుస్తారు. పోలీసు అక్కర్లేదు, కోర్టు అక్కర్లేదు.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వినుకొండలో ఓ జంట ఈ నలుగురి మాటా పెడచెవిని పెట్టింది. గుర్రం వీరయ్యగారిది యాదవ కులం. లింగమ్మగారిది మాదిగ కులం. 1895 సెప్టెంబరు 28న వాళ్ళకు పుట్టిన కొడుకే మన జాషువా.

ఆ కొడుకు గురించి పుస్తకాలకు పుస్తకాలున్నాయి. ఆ తల్లి గురించి రెండు మూడు వాక్యాలు దాటవు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఏ బావి దగ్గర నీళ్ళు తోడుకుందో, అటువైపు చుట్టాలు గడప తొక్కారో లేదో ఎవరూ రాసిపెట్టలేదు. నవలలు రాసుకునే దాన్ని గనుక ఆ ఖాళీలు పూరించాలని నా చెయ్యి లాగుతుంది. కానీ ఆవిడ పడ్డ కష్టాన్ని నా కల్పనతో అలంకరించడం మర్యాద కాదని ఊరుకుంటాను.

ఒక్కటి మాత్రం స్పష్టం. కట్టుబాటు దాటింది తల్లిదండ్రులు, జరిమానా కట్టింది బిడ్డ. తండ్రి కులం వైపు ఎవరూ చూడలేదు. తల్లి కులం పేరు చెప్పి బడిలోనూ, ఊళ్ళోనూ అంటరానివాడన్నారు. వీరయ్యగారు క్రైస్తవ మత ప్రచారకులైనా ఆ పేరు చెరగలేదు. మతం మారినంత తేలిగ్గా నలుగురి మనసు మారదు కాబోలు.

ఇదంతా జరిగింది ఏ గడ్డమీదనుకున్నారు? పన్నెండో శతాబ్దంలోనే బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒక్క చాపమీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన పలనాటి గడ్డమీద! కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనలు అప్పగించిన కథ ఇక్కడ తరతరాలుగా పాడుకుంటూనే ఉన్నారు. కారంపూడిలో ఏటా వీరులకు ఉత్సవం చేస్తూనే ఉన్నారు. పాటలో మెచ్చుకున్నది పీటమీదికి రానివ్వకపోవడం మనకు బాగా అలవాటు.

కుర్రతనంలో జాషువా, వినుకొండలో కొప్పరపు సోదరకవుల సభ జరిగితే, పద్యాలు రాసుకుని వెళ్ళి చదివారు. మెచ్చుకోవలసిన చోట, అంటరానివాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. పద్యంలో తప్పు దొరకలేదు, పుట్టుకలో దొరికింది. పోనీ ఇటువైపు వాళ్ళయినా అక్కున చేర్చుకున్నారా అంటే అదీ లేదు. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ కథలు రాస్తాడేమిటని క్రైస్తవ సమాజం వెలి పెట్టింది. ఇద్దరత్తల మధ్య కొత్తకోడలిలా అటు వెళితే అటు తప్పు, ఇటు వెళితే ఇటు తప్పు!

మరి ఆయన ఎలా నిలబడ్డారు? ఆయన గుండెధైర్యం ఎటూ ఉంది. కానీ ఒంటరిగా నిలబడ్డారంటే మాత్రం నేనొప్పుకోను. ఆ నలుగురిలోంచే ఒకరిద్దరు లేచి వచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు దగ్గర కూర్చోబెట్టుకుని కాళిదాసు కావ్యాలు చెప్పారు. దీపాల పిచ్చయ్యశాస్త్రిగారు స్నేహితుడై కవిత్వంలో ప్రోత్సహించారు. ఆ చదువు ఊరికే పోయిందా? మేఘసందేశం చదువుకున్న ఆ కుర్రవాడే 1941లో గబ్బిలం రాశాడు. గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి, గుడిలో చూరు పట్టుకు వేలాడే గబ్బిలంతో శివుడికి కబురు పంపుకున్నాడు. పిట్టకున్న చనువు మనిషికి లేదని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

ఆపైన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారు, తెలుగుదేశమంతా గురువుగా కొలిచిన వృద్ధకవి, తన చేతులతో జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. కాలికి తొడగాలంటే వంగాలి గదా! ఒక పెద్దమనిషి అలా వంగడం చూశాక, సభలో మిగతావాళ్ళ చూపు కొంతయినా మారకుండా ఉంటుందా? తరవాత 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, 1970లో పద్మభూషణ్ వచ్చింది. అవి వచ్చేసరికి ఆయనకు ముసలితనమూ వచ్చింది. 1971లో కన్నుమూశారు.

కథ అక్కడితో ఆగలేదు. జాషువాగారి అమ్మాయి హేమలత 1932లో వినుకొండలోనే పుట్టింది. 1960లో గోరాగారి అబ్బాయి లవణంను చేసుకుంది. గోరా దంపతుల సంగతి మీకు తెలిసే ఉంటుంది. జంధ్యం తీసేసి, వెలికి గురైనవాడు ఆయన. ఇక సరస్వతిగారు కడుపుతో ఉండి కూడా గ్రహణాన్ని పనిగట్టుకుని చూసిన మనిషి. మనమైతే గ్రహణమప్పుడు కత్తిపీట ముట్టుకోం, నీడలోంచి కదలం! తమ అమ్మాయిని 1948లో సేవాగ్రామ్‌లో దళిత యువకుడికిచ్చి పెళ్ళి చేశారు. పన్నెండేళ్ళకు హేమలతను కోడలిగా తెచ్చుకున్నారు. లింగమ్మగారి మనవరాలికి అత్తింటి గడప దగ్గర కులం అడిగేవాళ్ళు లేకపోయారు. ఆ మార్పుకు రెండు తరాలు పట్టింది.

అంతటితో హాయిగా కూర్చోవచ్చు గదా, హేమలత కూర్చోలేదు. స్టువర్టుపురంలో దొంగలని ముద్రపడ్డ కుటుంబాల మధ్య పనిచేసింది. నిజామాబాదు వైపు జోగినుల కోసం ఏళ్ళ తరబడి తిరిగింది. చిన్నపిల్లకు దేవతతో పెళ్ళి చేసి, పెద్దదయ్యాక ఊరిపాలు చేస్తే నలుగురూ ఏమీ అనరు, అది ఆచారం. ఆ పిల్ల ఒక్కణ్ణి చేసుకుని కాపురం చేస్తానంటే మాత్రం తప్పు! దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. చట్టం వచ్చాక కూడా ఆ పిల్లల్ని పేరంటానికి పిలిచేవాళ్ళు కావాలి. ఆ పని చట్టం చెయ్యలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతొకటి చెప్పి ముగిస్తాను. నా చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో వసారా చూరులో ఓ సత్తు గ్లాసు దోపి ఉండేది. మిరపకోతలకు వచ్చే ఆవిడకు అందులోనే టీ. అమ్మమ్మ చెడ్డది కాదు, ఆవిడ పిల్లలకు జ్వరమొస్తే మందులకు డబ్బిచ్చేది. "గ్లాసు లోపల పెట్టొచ్చుగా" అంటే, "నలుగురూ ఏమంటారే?" అనేది.

అమ్మమ్మ పోయాక ఒకనాడు మా అమ్మ ఏమీ మాట్లాడకుండా ఆ గ్లాసు తీసి, చింతపండుతో తోమి, వంటింటి అలమరలో మిగతా గ్లాసుల పక్కన బోర్లించింది. ఇద్దరు పక్కింటివాళ్ళు మా ఇంట్లో కాఫీ తాగడం మానేశారు. నెల తిరక్కుండా ఎదురింటి పిన్నిగారు మాత్రం వచ్చి, వంటింట్లోనే పీట వాల్చుకుని కూర్చుని, "ఏదీ, ఇన్ని కాఫీనీళ్ళు పొయ్యి" అంది. అమ్మ చేతికందిన గ్లాసులో పోసింది. అది ఏ గ్లాసో ఇద్దరూ చూసుకోలేదు.

అప్పటినుంచీ "నలుగురూ ఏమంటారు?" అన్న మాట వినబడితే నాకు భయం వెయ్యదు. ఆ నలుగురిలో ఎదురింటి పిన్నిగారు కూడా ఉందని గుర్తొస్తుంది. ఇంకొకరి ఇంటి సంగతి వచ్చినప్పుడు ఆ నలుగురిలో ఒకరం మీరూ నేనే గదా!