ముంబై మిల్లు భూమిలో పేదోడి వాటా ఎటు పోయింది?

పట్నం నడిబొడ్డున కూలోడికి ఇల్లు ఎందుకు దొరకదంటే "జాగ లేదు" అంటారు. జాగ ఉన్నచోట ఏం జరిగిందో ముంబై చరిత్ర చెబుతుంది, వినండి.

1850ల నుంచి ముంబైలో బట్టల మిల్లులు లేచాయి. లాల్‌బాగ్, పరేల్, వర్లీ అంతా మిల్లులే. కొంకణ్ రైతు బిడ్డలతో పాటు మన కరీంనగర్, నల్లగొండ దిక్కు పద్మశాలీలు కూడా బతుకుదెరువుకు అక్కడికే పోయారు. చాళ్లలో ఒక్క గదిలోనే సంసారం. కానీ మిల్లుకు నడిచిపోయేంత దగ్గర.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. సమ్మె ఓడిపోయింది, వేల మంది రోడ్డున పడ్డారు. మిల్లులు మూతపడుతుంటే వాటి కింద భూమి మాత్రం బంగారమైంది. మొత్తం దాదాపు 600 ఎకరాలు, అదీ ఊరి నడుమ.

1991లో సర్కారు ఒక రూలు పెట్టింది. మిల్లు భూమిని దాదాపు మూడు వాటాలు చేయాలి: ఒకటి మున్సిపాలిటీకి పార్కులు, మైదానాల కోసం, ఒకటి హౌసింగ్ బోర్డుకు సామాన్యుల ఇళ్ల కోసం, ఒకటి యజమానికి. బాగానే ఉంది కదా?

2001లో రూలు మార్చారు. మొత్తం భూమి కాదు, కట్టడాలు లేని ఖాళీ జాగనే పంచాలన్నారు. మిల్లంటేనే షెడ్లు. పదెకరాల చేనులో ఎనిమిదెకరాలకు పందిరేసి, మిగిలిన రెండెకరాలే అన్నదమ్ములు పంచుకోండి అన్నట్టు! హైకోర్టు 2005లో కాదన్నా, 2006లో సుప్రీంకోర్టు ఆ మార్పు చెల్లుతుందని తీర్పిచ్చింది.

ఇప్పుడు ఫీనిక్స్ మిల్లు జాగలో పెద్ద మాల్ ఉంది. చుట్టూ ఆకాశమంత టవర్లు. కార్మికులకు 2012 నుంచి లాటరీలో ఇళ్లు ఇస్తున్నారు గానీ, దరఖాస్తులు లక్షల్లో, ఇళ్లు వేలల్లో. కొందరికైతే ఎక్కడో పన్వేల్ దగ్గర ఇచ్చారు. నడిచిపోయే దూరం పోయి, రైలెక్కే దూరమైంది.

మన పిల్లలూ పట్నాల్లో కిరాయి కట్టలేక ఊరవతలికి జరుగుతున్నారు. అందుకే చెబుతున్నా. పేదల ఇళ్లకు ఇంత వాటా అని ఎవరన్నా చెబితే చప్పట్లు కొట్టే ముందు ఒక్కటే అడగండి: "వాటా దేంట్లో? మొత్తం భూమిలోనా, మిగిలిన ఖాళీ జాగలోనా?"