బొమ్మా బొరుసూ: వెండి నాణేలలో అచ్చు తప్పులు

పుట్టినరోజుకో, ధనత్రయోదశికో పిల్లల చేతిలో ఒక వెండి నాణెం పెట్టడం మన అరోరా కుటుంబాలలో చాలామందికి అలవాటు. కాసులపేరు చేయించుకున్న జాతి మనది. నాణేన్ని ఖర్చు పెట్టడం కన్నా దాచడమే మనకు బాగా తెలుసు. అయితే "ఇది అచ్చు తప్పిన నాణెం, చాలా అరుదు" అంటూ రెట్టింపు ధర చెప్పేవారూ ఉంటారు. ఏది తప్పో, ఏది కాదో తెలిస్తే మన డబ్బు దక్కుతుంది. దానితోపాటు కొంత చరిత్రా దక్కుతుంది.

ముందు మన శాతవాహనులను తలచుకుందాం. 1906లో నాసిక్ ప్రాంతంలోని జోగల్‌తంబిలో 13,000కు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అవి క్షహరాత రాజు నహపానుడివి. వాటిలో 9,000కు పైగా నాణేలమీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మళ్ళీ కొట్టించాడు. కింద నహపానుడి ముఖం, పైన శాతవాహనుల చైత్యం, ఉజ్జయినీ చిహ్నం. తెలియనివారికి అచ్చు జారినట్లు కనిపిస్తుంది. నిజానికి అది విజయ ప్రకటన. నహపానుణ్ణి గెలిచినవాడు శాతకర్ణేనని చరిత్రకారులు చెప్పడానికి ఈ జంట ముద్రలు గట్టి ఆధారమయ్యాయి.

ఇక హైదరాబాదు రూపాయి. మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలపు వెండి రూపాయిమీద చార్మినార్ ఉంటుంది. దాని ద్వారంలో ఉస్మాన్ పేరులోని మొదటి అక్షరం "ఐన్" ఉంటుంది. 1911-12 నాటి తొలి నాణేలలో ఆ అక్షరం పొట్టిగా, ఆ తరువాతివాటిలో పూర్తిగా కనిపిస్తుంది. ఇదీ తప్పు కాదు, అచ్చు మార్పు. మన ఇళ్ళలో తాతల నాటి రూపాయిలున్నవారు ఒకసారి భూతద్దంతో చూడవచ్చు.

ఇలాంటి అక్షర భేదమే అమెరికన్ సిల్వర్ ఈగిల్‌లోనూ ఉంది. 1986లో మొదలైన ఈ నాణెం బరువు ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాములు, వెండి 99.9 శాతం, వ్యాసం 40.6 మిల్లీమీటర్లు. 2008లో బొరుసు వైపు అచ్చును కొద్దిగా మార్చారు. "యునైటెడ్" మాటలోని "యు" అక్షరానికి కుడివైపు అడుగున చిన్న తోక వచ్చింది. కాని వెస్ట్ పాయింట్‌లో సేకరణకర్తలకోసం ముద్రించిన "డబ్ల్యూ" గుర్తు నాణేలలో కొన్నింటికి పొరపాటున 2007 నాటి అచ్చునే వాడారు. ముద్రణాలయం అంచనా ప్రకారం అవి సుమారు 47,000. తేదీ 2008, "యు"కు తోక లేదు: అదే గుర్తు. ఇది అసలైన తప్పు.

చిన్న తప్పులు ఇంకా ఉన్నాయి. అచ్చులో జిడ్డు పేరుకుంటే అక్షరాలు మసకబారతాయి. అచ్చు పగిలితే నాణెంమీద సన్నని ఉబ్బెత్తు గీత వస్తుంది. గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటే: అచ్చు పగులు ఉబ్బెత్తుగా ఉంటుంది, తరువాత పడిన గీత లోతుగా ఉండి, పక్కన లోహం లేచి ఉంటుంది. అచ్చు తయారీలోనే జంట పడిన అక్షరాలకు కొసలు చీలి ఉంటాయి. యంత్రం అదిరినందువల్ల వచ్చిన జంట చదునుగా, మెట్టులా ఉంటుంది. రెండవదానికి అదనపు విలువ లేనట్లే. పాల చుక్కల్లాంటి తెల్ల మచ్చలూ అచ్చు తప్పులు కావు.

మరొక మాట. 2021లో రూపం మారిన ఈగిల్ నాణెం అంచున ఒక గీత లోపించి ఉంటుంది. అది నకిలీలను పట్టడానికి కావాలని పెట్టిన ఏర్పాటు. దానికి ఎక్కువ ధర ఇచ్చినవారు మోసపోయినట్లే.

అనుమానం కలిగితే ముందు తూచండి, కొలవండి, అదే సంవత్సరపు మరో నాణెంతో పోల్చండి. వెండి చెంబును తోమినట్లు విభూతితో మాత్రం తోమకండి. తోమిన నాణెం తళతళలాడవచ్చు. దానిమీది సాక్ష్యం, దానితోపాటు విలువా చెరిగిపోతాయి. పిల్లలకు నాణెంతోపాటు ఒక భూతద్దం కూడా ఇద్దాం. వెండి ధర పెరగవచ్చు, తగ్గవచ్చు. చూసి తేల్చుకునే అలవాటుకు అలాంటి ఒడిదుడుకులు లేవు.