భరత్‌నగర్ రైలు సెల్ఫీ: ఏ ఆధారం ఎంతవరకు?

2018 జనవరిలో హైదరాబాద్ భరత్‌నగర్ ఎంఎంటీఎస్ స్టేషన్ దగ్గర తీసినదంటూ ఒక సెల్ఫీ వీడియో దేశమంతా తిరిగింది. పట్టాల పక్కన ఒక యువకుడు, వెనక నుంచి హారన్ మోగిస్తూ వస్తున్న రైలు, చివర్లో ఒక్కసారిగా అదిరి చెదిరిపోయిన దృశ్యం. అది నిజమా, నాటకమా అన్నదానిపై వచ్చిన కథనాలు ఒకదానితో ఒకటి పొసగవు.

1. యువకుడికి గాయాలయ్యాయని, ప్రాణాపాయం తప్పిందని మొదటి వార్తలు చెప్పాయి.

2. ఆ తర్వాత అతడు మిత్రుడితో కలిసి నవ్వుతున్న మరో వీడియో బయటికి వచ్చింది. అంతా కావాలని చేసిందేనన్న వాదన దీంతో బలపడింది. అయితే ఆ నవ్వు ప్రమాదానికి ముందుదా, తర్వాతదా అన్నది తేలితే తప్ప దానికి సాక్ష్యపు విలువ తక్కువే. బతికి బయటపడ్డవాడూ నవ్వవచ్చు.

3. రైల్వే కోర్టు రూ.500 జరిమానా వేసిందని వార్తలు వచ్చాయి. దీన్ని కొందరు ప్రమాదానికి రుజువుగా చూపారు. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్లడమే నేరం; ఆరు నెలల వరకు జైలు గానీ, రూ.1000 వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. జరిమానా ఈ నేరానికే అయితే, అతడు అక్కడికి వెళ్లాడన్నంతవరకే అది రుజువు. రైలు తగిలిందా లేదా అన్న ప్రశ్న అలాగే మిగులుతుంది.

క్లిప్పు కూడా దానికి జవాబివ్వదు. దెబ్బ తగిలిన క్షణం అందులో స్పష్టంగా లేదు. చేతిలోంచి ఫోను జారినా దృశ్యం అలాగే చెదురుతుంది. వాట్సాప్‌లో చేతులు మారిన కాపీలో అసలు చిత్రీకరణ వివరాలు సాధారణంగా మిగలవు. అందువల్ల మొదటి ఫోనులోని ఫైలు, ఆస్పత్రి రికార్డు, లోకో పైలట్ ఇచ్చిన సమాచారం, ఈ మూడూ కలిసినప్పుడే గట్టిగా ఒక మాట చెప్పగలం. నాటకమన్న వైపే మొగ్గు కనిపిస్తున్నా, అది నిర్ధారణ కాదు.

పాత కరీంనగర్ జిల్లాలోని ప్రమాదం పేరుతో తిరిగే క్లిప్పుల విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ ప్రమాదం పేరుతో ఏ క్లిప్పు చేతికొచ్చినా ముందు నంబరు ప్లేట్లు చూడాలి. తెలంగాణలో ‘టీజీ’ నంబర్లు 2024 మార్చిలో మొదలయ్యాయి గనుక, అవి కనిపిస్తే ఆ క్లిప్పు 2018 నాటిది కాదు. కరీంనగర్ ‘ఏపీ 15’, ఆదిలాబాద్ ‘ఏపీ 01’ వంటి పాత నంబర్లు కనిపిస్తే మాత్రం క్లిప్పు 2014లో రాష్ట్రం విడిపోవడానికి ముందుదని అనలేం. ఆ బండ్లు ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయి.